రిజల్టు వచ్చాక, రైలెక్కేలోపు: మిలట్రీ ట్రైనింగ్‌కి ఒళ్లూ మనసూ సిద్ధం చేసుకునే పద్ధతి

"అన్నా, లిస్టులో నా నంబరొచ్చింది. జాయినింగ్‌కి ఇంకా టైముంది. ఈలోగా ఏటి చెయ్యాలి?" ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా కుర్రాళ్లు నన్ను అడిగేది ఇదే. సెలక్షన్‌కి ఎలా పరుగెత్తాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఆ తర్వాత సంగతి చెప్పేవాళ్లు తక్కువ. పదిహేడేళ్లు సర్వీసు చేసి, ఇప్పుడు పొద్దున్నే గ్రౌండులో పిల్లల వెంట ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను.

అగ్నివీర్ ర్యాలీలో 1.6 కి.మీ. 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే 60 మార్కులు, పది పుల్లప్స్‌కి 40. అదంతా ఒక్క పొద్దుటి పని. ఆర్మీ ట్రైనింగ్ సుమారు ఆరు నెలలు. తెల్లారకముందే ఫాలిన్ (వరసలో నిలబడటం), పీటీ, డ్రిల్లు, ఆయుధాల క్లాసు, శుభ్రం పనులు, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడం కూడా పరుగే. వేగం మీకు ఇప్పటికే ఉంది. మర్నాడూ, ఆ మర్నాడూ అదే పని చేయగల ఒళ్లు ఇంకా తయారుకాలేదు. ఈ వారాలు దానికోసమే.

రిజల్టు రాగానే పరుగు మానేసి పెళ్లి భోజనాల్లో పడేవాళ్లు కొందరు. ఆనందంతో రోజుకి రెండు పూటలా పరుగెత్తి కాళ్లు పాడుచేసుకునేవాళ్లు ఇంకొందరు. మూడో వారంలో ఇద్దరూ సిక్ రిపోర్టు క్యూలోనే కనిపిస్తారు.

1. ముందు పరీక్షలు

"మెడికల్ పాసయ్యాం కదా" అనకండి. మెడికల్ అయ్యి నెలలు గడిచి ఉంటాయి. ఈ నాలుగూ చేయించుకోండి:

- హిమోగ్లోబిన్. ఆడపిల్లలైతే తప్పనిసరిగా. రక్తం తక్కువుంటే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు.
- విటమిన్ డి. తక్కువుంటే ఎముకలకు చీలిక వచ్చే ప్రమాదం పెరుగుతుంది.
- క్రియాటినిన్, మూత్ర పరీక్ష.
- పళ్లు. పిప్పి పన్ను ఉంటే ఇప్పుడే చూపించుకోండి. ట్రైనింగ్ మధ్యలో పన్నునొప్పి వస్తే తిండీ నిద్రా రెండూ పోతాయి.

మూడోది ఎందుకో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకి నేను వివరించక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూడని వీధి లేదు. ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి. ఇంకో సంగతి, దీన్ని గట్టిగా చెబుతున్నాను: కాళ్లనొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు అలవాటు చేసుకోకండి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువైన ఒంట్లోకి అవి వెళితే దెబ్బ కిడ్నీలకే.

ఏజెన్సీ మండలాల పిల్లలు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశంలో వచ్చే లోపం) పరీక్ష కూడా చేయించుకోండి. ఆ లక్షణం ఉన్నవాళ్లకి ఎండలో విపరీతంగా కష్టపడితే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు.

2. బూట్లు, మేజోళ్లు, పాదాలు

మన పిల్లల్లో సగంమంది ఉత్తికాళ్లతోనో, అరిగిపోయిన షూతోనో పరుగెత్తి సెలక్టయినవాళ్లే. అక్కడ రోజులో ఎక్కువసేపు కాలు బూటులో ఉంటుంది. ఆ అలవాటు ఇక్కడే చేసుకోవాలి.

పరుగుకి మంచి షూ ఒక జత, నడకకి చీలమండ పైదాకా వచ్చే గట్టి బూట్లు ఒక జత చాలు. సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లు వేసుకుని వెళ్లి కొనండి. పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బుతుంది, అదే అసలు కొలత. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు జాగా ఉండాలి.

బూట్లతో పరుగెత్తకండి. మొదటి వారం అరగంట నడక, తర్వాత గంట. తోలు మీ కాలికి అలవాటుపడాలి, మీ చర్మం తోలుకి అలవాటుపడాలి. దానికి నెల పడుతుంది.

బొబ్బ చెప్పకుండా రాదు. ముందు మడమ మీద రూపాయి బిళ్లంత మేర వేడిగా, మంటగా అనిపిస్తుంది. ఆగాల్సింది అప్పుడే. బూటు విప్పి ఆ చోట ప్లాస్టర్ అంటించి, మేజోడు ముడతలు సరిచేసి మళ్లీ వేసుకోండి. రెండు నిమిషాల పని. "ఇంకో రౌండే కదా" అనుకుంటే నాలుగు రోజులు కుంటాలి.

చిన్న బొబ్బయితే ముట్టుకోవద్దు. పెద్దదై నడవనివ్వకపోతే చేతులు సబ్బుతో కడుక్కోండి. సూదిని స్పిరిట్‌తో తుడిచి, బొబ్బ మధ్యలో కాకుండా అంచున రెండుచోట్ల గుచ్చండి. శుభ్రమైన దూదితో మెల్లగా ఒత్తి నీరు తీసేయండి. పై చర్మం మాత్రం పీకొద్దు. కింద కొత్త చర్మం వచ్చేదాకా దానికి అదే కట్టు.

గోళ్లు అడ్డంగా, సూటిగా కత్తిరించుకోండి. మూలలు గుండ్రంగా కోస్తే గోరు కండలోకి పెరుగుతుంది.

3. పన్నెండు వారాల పరుగు

ఎనిమిది వారాలే ఉంటే మొదటి నుంచే మొదలుపెట్టి ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆగండి. మొదటి నాలుగు వారాలు ఎగ్గొట్టి మధ్యలో దూకొద్దు.

1–4 వారాలు: వారానికి నాలుగు రోజులు, మూడేసి కిలోమీటర్లు. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. 5:30లో 1.6 కి.మీ. కొట్టినవాడికి ఇది అవమానంలా అనిపిస్తుంది. అయినా ఇలాగే చేయాలి. ఊపిరి మూడు వారాల్లో బలపడుతుంది, ఎముకకి నెలలు కావాలి. ఆ తేడా దగ్గరే కాళ్లు విరుగుతాయి.

5–8 వారాలు: రెండు రోజులు తేలిక పరుగు. ఒకరోజు పొడుగు పరుగు, 5 కి.మీ.తో మొదలుపెట్టి 8 దాకా. ఒకరోజు 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల నడక. వారం మొత్తం దూరం కిందటి వారం కన్నా పదోవంతు మించి పెంచొద్దు.

9–11 వారాలు: 5 కి.మీ. 26–28 నిమిషాల్లో, చివర కూలబడకుండా. ట్రైనింగ్‌లో పెట్టే బీపీఈటీ (బ్యాటిల్ ఫిజికల్ ఎఫిషియెన్సీ టెస్ట్) పరీక్షలో 5 కి.మీ. పరుగు ఉంటుంది, అదీ రైఫిల్, సామానుతో. అందుకే ఈ దూరం. వారంలో ఒకరోజు పొద్దున పరుగు, సాయంత్రం కసరత్తు, రెండు పూటలా పెట్టుకోండి.

12వ వారం: అంతా సగానికి సగం.

వారంలో ఒక రోజు పూర్తి సెలవు. ఆ రోజు క్రికెట్ కూడా వద్దు.

ఎక్కడ పరుగెత్తాలి? కాలేజీ గ్రౌండు, బడి మైదానం, వంశధార కాలువ గట్టు, ఊరి మట్టిరోడ్డు, ఏదైనా మంచిదే. నాగావళి ఇసుకలో పరుగెత్తితే బలం వస్తుందని చాలామంది నమ్మకం. మెత్తటి ఇసుక పిక్కనీ మడమ వెనక నరాన్నీ బాగా లాగుతుంది, వారానికి ఒకసారి పదిహేను నిమిషాలు చాలు. కళింగపట్నం, బారువ బీచ్‌లో తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఎంత దూరం వెళ్లారో అంత దూరం వెనక్కి వస్తేనే రెండు కాళ్లకీ సమానం.

చీకట్లో హైవే మీద మాత్రం వద్దు. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన నల్ల టీషర్టు వేసుకుని, చెవిలో పాటలు పెట్టుకుని పరుగెత్తే పిల్లల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. వేరే దారి లేకపోతే తెల్ల బనీను వేసుకుని, వాహనాలు ఎదురుగా కనపడే వైపున, ఒకరి వెనక ఒకరు వెళ్లండి.

4. చేతులు, నడుము, తాడు

పుల్లప్స్, పుషప్స్, సిటప్స్ మీకు తెలిసినవే. వారానికి మూడు రోజులు, ఇంకా రెండు తీయగలిగే దశలోనే ఆపుతూ, నాలుగేసి విడతలు చేయండి.

తెలియనిది తాడు ఎక్కడం. వేపకొమ్మకో మామిడికొమ్మకో మందపాటి తాడు కట్టండి. కొమ్మ గట్టితనం ముందు చూసుకోండి, కింద ఇసుక పోయండి. కొత్తవాళ్లంతా చేతుల బలంతో ఎగబాకి సగంలో జారిపోతారు. తాడు కుడికాలి బయటి పక్కగా వచ్చి, కుడి పాదం కింద నుంచి దూరి, ఎడమ పాదం మీదికి రావాలి. కుడి పాదంతో దాన్ని తొక్కిపెట్టి, ఆ రెండు పాదాల మధ్య పట్టు మీద నిలబడాలి. మోకాళ్లు పైకి లాగు, తాడు తొక్కు, లేచి నిలబడు, చేతులు మార్చు. కొబ్బరిచెట్టు ఎక్కడం వచ్చిన ఉద్దానం పిల్లలు ఇది రెండు రోజుల్లో పట్టేస్తారు. దిగేటప్పుడు చేయి మార్చి చేయి వేస్తూ దిగండి. జారితే అరచేతి తోలు ఊడొస్తుంది.

నేవీకి వెళ్లేవాళ్లు ఈత నేర్చుకోండి, నేర్పేవాళ్లు పక్కన ఉన్నప్పుడు మాత్రమే. ఒంటరిగా ఏట్లోనూ సముద్రంలోనూ సాధన చేయొద్దు.

5. వీపు మీద బరువు

అయిదో వారం నుంచి, వారానికి ఒక్కసారి. స్కూలు బ్యాగులో అయిదు కిలోల బియ్యం, చుట్టూ దుప్పటి, కదలకుండా. బరువు నడుము మీద వేలాడకుండా భుజాల మధ్య ఉండాలి. నాలుగు కిలోమీటర్ల నడక. రెండు వారాలకోసారి రెండు కిలోలు పెంచి పదకొండు దగ్గర ఆపేయండి. రామతీర్థం, శాలిహుండం లాంటి కొండలు దగ్గరున్నవాళ్లు మెట్లెక్కి దిగొచ్చు. ఎక్కడం కన్నా దిగడం మోకాలికి కష్టం, దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి. బరువుతో పరుగు ఇక్కడ వద్దే వద్దు.

6. మోకాలి కింద ముందు ఎముక నొప్పి

ట్రైనింగ్ నుంచి పిల్లల్ని వెనక్కి లాగేది ఎక్కువగా ఇదే. నా సంగతే చెబుతాను.

మూడో వారంలో కుడికాలికి మొదలైంది. పరుగు మొదట్లో నొప్పి, వేడెక్కాక మాయం. చెబితే పిరికివాడంటారని మూసుకున్నాను. వారం తిరిగేసరికి రాత్రి పడుకున్నా సలుపు. ఒకరోజు డ్రిల్లులో మడమ నేలకి కొట్టగానే కళ్లు బైర్లు కమ్మాయి. ఎముకలో సన్నటి చీలిక. ఆరు వారాలు పరుగు లేదు, నన్ను జూనియర్ బ్యాచ్‌కి రెలిగేట్ చేశారు. నాతో రైలెక్కినవాళ్లు కసమ్ పరేడ్ (ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే పరేడ్) చేస్తుంటే గ్యాలరీలో కూర్చుని చూశాను. నొప్పి మొదలైనప్పుడే నోరు విప్పి ఉంటే నాలుగు రోజుల రెస్టుతో పోయేది.

తేడా ఇలా చూసుకోండి. ఎముక లోపలి అంచు వెంబడి వేలితో పైనుంచి కిందికి నొక్కుతూ రండి.

- జానెడు మేర అంతా నొప్పిగా ఉంటే ఎముక మీది పొర, కండరం అలసిన నొప్పి. పరుగు సగానికి తగ్గించి, మట్టినేల మీదికి మారండి. రోజుకి రెండుసార్లు గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. రెండు వారాల్లో సర్దుకుంటుంది.
- ఒక్కచోట, వేలి కొన పట్టేంత మేర, ముట్టుకుంటే ఉలిక్కిపడేలా నొప్పి ఉంటే, లేదా రాత్రిపూట సలుపుతుంటే పరుగు ఆ రోజే ఆపేయండి. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగు మొదలుపెట్టొద్దు.

రాకుండా చూసుకోవాలంటే రోజూ మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం ఇరవైసార్లు, గోడకి ఆనుకుని మడమ మీద నిలబడి వేళ్లు పైకెత్తడం ఇరవైసార్లు చేయండి.

7. తిండి, నీళ్లు

ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. పొద్దున్నే పరుగుకి ముందు చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు, వచ్చాక రెండు గుడ్లు. అన్నంతో పప్పు, ఆకుకూర, వారంలో రెండుమూడు సార్లు చేపలు. సాయంత్రం వేరుశనగలో సున్నుండో. ఉలవచారు పెట్టే ఇల్లయితే ఇంకా మంచిది. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ అంటే అటు తిరిగి కూడా చూడొద్దు.

రెండు అలవాట్లు మాత్రం మార్చుకోవాలి. వారంలో మూడు రాత్రులు అన్నం మాని చపాతీ, పప్పు తినండి. లంగర్‌లో (మిలట్రీ వంటశాలలో) రొట్టె ముక్క గొంతు దిగక మొదటి వారమంతా పస్తున్న మనవాళ్లను చూశాను. రెండోది, పదిహేను నిమిషాల్లో భోజనం ముగించి పళ్లెం కడుక్కోవడం.

నీళ్లకి లెక్క మూత్రం రంగు. లేత పసుపు ఉంటే సరి, ముదురుగా ఉంటే నీళ్లు తక్కువైనట్టు. ఒకేసారి లీటర్లకొద్దీ తాగడం కూడా ప్రమాదమే. చెమట బాగా పోయిన రోజు తరవాణి, ఉప్పేసిన మజ్జిగ తాగండి. లేదా లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకోండి, టీ చెంచాతో తలకొట్టి.

ఎండకి ఒళ్లు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. చివరి మూడు వారాల్లో దాదాపు రోజూ పొద్దెక్కాక అరగంట నడవండి. తల తిరిగినా, మాట తడబడినా నీడలో పడుకోబెట్టి ఒంటిమీద నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోను చేయడమే.

8. నిద్ర, ఫోను

రాత్రి పది, పొద్దున నాలుగున్నర. మొదటి వారం నుంచే. ఆదివారం కూడా.

ఫోను రోజుకి గంట తగ్గించుకుంటూ వెళ్లి, చివరి రెండు వారాలు సాయంత్రం పావుగంటకి తెచ్చుకోండి. అక్కడ మొదట్లో ఫోను చేతిలో ఉండదు. ఒక్కసారిగా పోతే ఇంటి మీద బెంగతో పాటు ఆ పిచ్చి కూడా కలుస్తుంది.

9. హిందీ

మనవాళ్లకి శిక్షలు పడేది చేతకాక కాదు, అర్థంకాక. ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చే ఆయన) "పీఛే ముడ్" అంటే అందరూ వెనక్కి తిరిగారు, మనవాడు నిలబడ్డాడు. అంతే, రగడా (ఒళ్లు హూనమయ్యే శిక్ష).

రైలెక్కేలోపు నోటికి రావలసినవి:

- ఒకటి నుంచి వంద దాకా అంకెలు. లైన్లో లెక్క చెప్పాలి.
- సావధాన్ (అటెన్షన్), విశ్రామ్ (స్టాండ్ ఎట్ ఈజ్), దాహినే ముడ్ (కుడికి తిరుగు), బాయే ముడ్ (ఎడమకి తిరుగు), పీఛే ముడ్ (వెనక్కి తిరుగు), తేజ్ చల్ (క్విక్ మార్చ్), దౌడ్ కే చల్ (పరుగెత్తు), థమ్ (ఆగు).
- మీ పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, చదువు.
- "సమఝ్ మే నహీ ఆయా, ఉస్తాద్" (అర్థం కాలేదు). "తబియత్ ఠీక్ నహీ హై" (ఒంట్లో బాగాలేదు). "పైర్ మే దర్ద్ హై" (కాలు నొప్పిగా ఉంది).

చివరి మూడు ముక్కలూ నాకు రాక కాలు విరగ్గొట్టుకున్నాను.

రోజూ సాయంత్రం ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు ఉస్తాద్‌గా నిలబడి కమాండ్లు ఇవ్వండి. ఊళ్లో రిటైరైన మిలట్రీ మావయ్యలు ఎవరో ఒకరుంటారు. అడిగితే సంతోషంగా నేర్పిస్తారు.

10. మనసు

మొదటి మూడు వారాలే కష్టం. తిట్లు పేరుపెట్టి ఉంటాయి గానీ అవి మీ ఒక్కరికోసం పుట్టినవి కావు, నిన్నటి బ్యాచ్‌కీ అవే. ఒకడు ఆలస్యమైతే నలభైమందికీ ఫ్రంట్ రోల్స్ పడతాయి. ఆ ఒకడి మీద కోపం పెంచుకోకుండా, రేపు వాడి మంచం సర్దడానికి చేయి వేయండి. నాకు తెలిసి అక్కడ నెగ్గుకొచ్చే దారి ఇదొక్కటే.

రోజుని ముక్కలు చేసుకోండి. ఆరు నెలలు తలుచుకుంటే కాళ్లు వణుకుతాయి. టిఫిన్ దాకా, తర్వాత భోజనం దాకా, తర్వాత రోల్ కాల్ దాకా. ఇది ఇక్కడే సాధన చేయండి: పొడుగు పరుగులో తర్వాతి తాటిచెట్టు దాకా, ఆ తర్వాత ఇంకో చెట్టు దాకా.

ఇంటికి ఫోను చేసే రోజు వస్తుంది. అమ్మ "ఏటి నాయినా, గొంతలాగుంది?" అనగానే మాట పెగలదు. అందరికీ అంతే. ఇప్పుడే అమ్మానాన్నలతో కూర్చుని చెప్పండి: కొన్ని వారాలు ఫోను రాకపోవచ్చు, వచ్చినా అయిదు నిమిషాలే, ఏడిస్తే భయపడొద్దు, "వచ్చీ" (వచ్చెయ్) అని మాత్రం అనొద్దు.

ఊళ్లో ఫ్లెక్సీలు, డప్పులు వద్దనండి. పెద్దగా సాగనంపితే కాలికి దెబ్బ తగిలినా, రెలిగేట్ అయినా ఊరికేం మొహం చూపించాలన్న దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులుతోనే పిల్లలు నొప్పి దాస్తారు. తల్లిదండ్రులకు నా మనవి: "ఏదైనా తేడా వస్తే ఇల్లు ఉంది" అని బయల్దేరేముందు ఒక్కసారి నోటితో చెప్పండి.

నిద్రపట్టక, తిండి సహించక, బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే సెక్షన్ ఉస్తాద్‌కో, మెడికల్ ఆఫీసరుకో చెప్పాలి. ఇంటి దగ్గర ఉన్నప్పుడే అలాంటి దిగులు ఉంటే 14416కి, టెలి మానస్‌కి, ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

11. కాగితాలు, పెట్టె

కాల్ లెటర్‌లో ఇచ్చిన జాబితాయే ప్రమాణం. దానికి తోడు నా అనుభవం:

- ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక ఫోల్డర్లో, జెరాక్సులు వేరే ఫోల్డర్లో. అన్నింటిలో పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఒకేలా ఉన్నాయో అక్షరం అక్షరం చూడండి. తప్పుంటే ముందే సరిచేయించండి.
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఇరవై.
- ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు.
- రెండు తాళాలు, ప్రతిదానికీ రెండు చెవులు.
- సూది, తెల్లదారం, నల్లదారం, బొత్తాలు. గుండీ కుట్టుకోవడం ఇంట్లోనే నేర్చుకోండి.
- షేవింగ్ సామాను, నెయిల్ కట్టర్, హవాయి చెప్పులు, ప్లాస్టర్ చుట్ట.
- ఇంటివాళ్ల నంబర్లు రాసిన చిన్న నోటుపుస్తకం.

బంగారు గొలుసు, ఎక్కువ డబ్బు, స్వీట్ల డబ్బాలు ఇంట్లోనే ఉంచండి. నేవీ వాళ్లకి చిల్కా దగ్గరే, ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు బెళగావి లాంటి దూరాలకీ, ఆర్మీ వాళ్లు నాసిక్, జబల్‌పూర్, వెల్లింగ్టన్ లాంటి చోట్లకీ వెళ్లాలి. రిపోర్టింగ్‌కి ఒకరోజు ముందు చేరేలా టికెట్టు తీయండి. వెల్లింగ్టన్ నీలగిరి కొండల్లో ఉంది, మన విజయనగరం చలికి సరిపోయే స్వెటరు అక్కడ చాలదు.

12. చివరి వారం, మొదటి రాత్రి

కొత్త కసరత్తు ఏదీ మొదలుపెట్టొద్దు. కొత్త షూ వేయొద్దు. వీడ్కోలు విందుల్లో మందు జోలికి పోవద్దు. బయట తిండి తిని కడుపు పాడుచేసుకుని రైలెక్కినవాళ్లు ఏటా ఉంటారు.

బ్యారక్‌లో మొదటి రాత్రి పడుకునే ముందు మర్నాటి మేజోళ్లు బూటులో పెట్టి, లేసులు వదులు చేసి, చీకట్లో తడిమినా దొరికేలా మంచం కింద ఎడమ పక్కన ఉంచండి. సీసాలో నీళ్లు నింపుకోండి. పక్క మంచం వాడి పేరు, ఊరు అడగండి. హిందీ తప్పులొచ్చినా పర్వాలేదు, వాడికీ తన ఊరి భాషే వచ్చి ఉంటుంది.